ప్లగ్గు దగ్గర ఆగిపోయే బాధ్యత: వాషింగ్ మెషీన్ తయారీ సంస్థలకు బహిరంగ లేఖ

వాషింగ్ మెషీన్లు తయారుచేసే సంస్థల యాజమాన్యాలకు, వాటి సర్వీసు విభాగాలను నడిపే అధికారులకు నమస్కారం.

నేను ఇంజనీరును కాను. 11 ఏళ్లుగా ఇంట్లో వాషింగ్ మెషీన్ వాడుతున్న మామూలు గృహస్థుణ్ణి. కిందటి ఏడాది ఒక సాయంత్రం బట్టలు ఉతుకుతుండగా మెషీన్ ఉన్న మూల నుంచి చేప కుళ్లినట్టు వాసన వచ్చింది. మొదట మురుగు గొట్టాన్ని అనుమానించాను. బట్టల్లో ఏదైనా చిక్కుకుందేమో అనుకున్నాను. వేడెక్కిన ప్లగ్గు, సాకెట్టు ప్లాస్టిక్ అలాంటి వాసన వేస్తుందని అప్పటికి నాకు తెలియదు. చివరికి ప్లగ్గు మీద చెయ్యి పెడితే అది నిలపలేనంత వేడిగా ఉంది. మెయిన్ ఆపి లాగి చూస్తే, ఒక పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి, మెత్తబడి, సాకెట్టు రంధ్రం ఆకారంలోకి ఒదిగిపోయి ఉంది. అంతసేపూ ఎం.సి.బి., అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే సరఫరా తెంచే స్విచ్, పడలేదు. మెషీన్ ఏ ఎర్రర్ కోడూ చూపించలేదు. దాని లెక్క ప్రకారం ఆ సాయంత్రం ఉతుకు సజావుగానే సాగుతోంది, ఇంకా 48 నిమిషాలు మిగిలి ఉంది.

మర్నాడు కంపెనీ పంపిన మెకానిక్ మర్యాదస్తుడే. మెషీన్ వెనుక పలక విప్పి, హీటరునూ మోటారునూ మీటరుతో పరీక్షించి, మెషీన్‌లో ఏ లోపమూ లేదని, సమస్య మా సాకెట్టుదని చెప్పాడు. తరువాత పిలిచిన ఎలక్ట్రీషియన్ సాకెట్టు విప్పి చూసి, గోడలోని వైరింగ్ దిట్టంగానే ఉందని, ప్లగ్గు పిన్నే సరిగా కూర్చోలేదని, కంపెనీనే అడగమని అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి హద్దులో వారు చూసి, ఎవరి హద్దులో వారు నిజమే చెప్పారు. మెషీన్ ఒకరిది, గోడ మరొకరిది, ఆ రెండూ కలిసే రెండు అంగుళాల చోటు మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. నేను ఈ లేఖ రాస్తున్నది ముఖ్యంగా ఆ చోటు గురించి, ఆ తరువాత మీ బాధ్యత అలాగే అర్ధాంతరంగా ఆగిపోయే మరికొన్ని చోట్ల గురించి.

ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాల వార్తలన్నిటికీ చివరి వాక్యం దాదాపు ఒకటే ఉంటుంది: షార్ట్ సర్క్యూట్ వల్ల మంటలు చెలరేగినట్టు భావిస్తున్నారు. ఆ రెండు మాటలతో విచారణ ముగిసిపోతుంది, ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. అసలు షార్ట్ సర్క్యూట్ అంటే కరెంటు వచ్చే ఫేజు తీగ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగను నేరుగా తాకడం. అప్పుడు వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహిస్తుంది గనుక, సరైన ఎం.సి.బి. ఉన్న ఇంట్లో అది రెప్పపాటులో పడిపోతుంది. మా ఇంట్లో జరిగింది అందుకు పూర్తిగా విరుద్ధమైనది. ప్లగ్గు పిన్నుకూ సాకెట్టులోని రేకుకూ మధ్య పట్టు వదులైతే కరెంటు పెరగదు, నిజానికి కాస్త తగ్గుతుంది. ఎం.సి.బి. చూసేది కరెంటు ఎక్కువైందా అని మాత్రమే. 30 మిల్లీ ఆంపియర్లకు స్పందించే ఎర్త్ లీకేజీ బ్రేకరు చూసేది కరెంటు దారి తప్పి నేలకు పోతోందా అని మాత్రమే. ఎక్కువ కాకుండా, దారి తప్పకుండా, ఉన్నచోటనే వేడిగా మారుతున్న కరెంటును ఈ రెండూ పట్టుకోలేవు.

ఆ వేడి ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు గానీ, ఈ లేఖ చదివే ఇతరుల కోసం లెక్క వేస్తాను. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల సరఫరా మీద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. వదులైన పట్టు దగ్గర కేవలం అర ఓము నిరోధం ఏర్పడిందనుకుంటే, అక్కడ పుట్టే వేడి దాదాపు 38 వాట్లు. రేడియోలు బాగుచేసేవారు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే శక్తి అంతే ఉంటుంది. గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, గోడకూ మెషీన్‌కూ నడుమ కనబడని సందులో, ఎవరో సోల్డరింగ్ ఐరన్ పెట్టి మరిచిపోయినట్టు ఊహించుకోండి. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి ఆ హీటరుకు తక్కువలో తక్కువ 18 నిమిషాలు పడుతుంది, అంతసేపూ ఆ ఐరన్ కాలుతూనే ఉంటుంది. వేడికి సాకెట్టులోని రేకు బిగువు తగ్గుతుంది, లోహం మీద తుప్పు పొర కడుతుంది, వాటివల్ల నిరోధం పెరిగి, వచ్చేసారి వేడి ఇంకొంచెం ఎక్కువవుతుంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. చల్లనీటి ఉతుకులో హీటరు పనిచేయదు, కొన్ని వందల వాట్ల మోటారు మాత్రమే తిరుగుతుంది. అందువల్ల వదులైన ప్లగ్గు సంవత్సరాల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోగలదు. ఒకరోజు ఇంట్లో ఎవరికో జబ్బు చేసి, దుప్పట్లు వేడినీటిలో ఉతకాలని 60 డిగ్రీలకు తిప్పినప్పుడు దాని అసలు పరీక్ష మొదలవుతుంది. ఇన్నేళ్లుగా ఏమీ కాలేదన్న భరోసా ఆ రోజున ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు మిమ్మల్ని అడగవలసింది అడుగుతాను. మెషీన్ ఇంటికి వచ్చిన రోజున మీ మనిషి వచ్చి కాళ్లు సమంగా ఉన్నాయో లేదో చూస్తాడు, నీటి గొట్టం బిగిస్తాడు, రవాణా కోసం వేసిన బోల్టులు తీస్తాడు, ఏ బటను దేనికో చూపిస్తాడు. సాకెట్టు ఆ కరెంటుకు తగినదేనా, ప్లగ్గు బిగువుగా కూర్చుందా, ఎర్తింగ్ నిజంగా ఉందా, డ్రమ్ము నిమిషానికి 1200, 1400 చుట్లు తిరిగి అదిరినప్పుడు తీగ లాగినట్టవుతోందా అన్నవి చూడడం అతని పనిలో భాగం కాదు. అతనికి ఇచ్చిన కాగితంలో ఆ గడులే లేవు. ఉంటే, అదనంగా పట్టేది పది నిమిషాలు. మొదటి రోజునే వేడినీటి ఉతుకు ఒకటి పెట్టి, అరగంట తరువాత ప్లగ్గును ముట్టుకుని చూడమని ఇంటివారికి చెప్పడానికి ఆ పది నిమిషాలు కూడా అక్కరలేదు. సాకెట్టు పనికిరాదని తేలితే మెషీన్ బిగించకుండా వెనక్కి వెళ్లే అధికారం అతనికి ఉండాలి, అలా వెళ్లినందుకు ఆ నెల అతని లెక్కలో ఒక పని తగ్గకూడదు. ఈ రెండోది లేకపోతే మొదటిదాని వల్ల ప్రయోజనం ఉండదని మీకూ తెలుసు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడరాదని మీ పుస్తకంలో రాసే ఉంటుంది, కాదనను. కాని నీటి గొట్టం చాలకపోతే పొడవైనది మీ దగ్గరే విడిగా కొనుక్కోవచ్చు, కరెంటు తీగ చాలకపోతే ఏం చేయాలో మాత్రం ఆ పుస్తకం చెప్పదు. కుళాయి ఒక గోడకు, సాకెట్టు మరో గోడకు ఉన్న ఇంట్లో మనిషి ఏం చేస్తాడో అందరికీ తెలిసిందే. ఆరు ఆంపియర్ల బాక్సుకు మెషీన్ తగిలించి, మిగిలిన తీగను చుట్ట చుట్టి మెషీన్ కిందికి తోసేస్తాడు. చుట్టిన తీగ వేడిని బయటికి పోనివ్వదు, కింద ఎప్పుడూ తడి ఉంటుంది, ఎలుకలు తిరిగే చోటు కూడా అదే. నిషేధం రాసి చేతులు దులుపుకోవడం మీ న్యాయవాదులకు సరిపోవచ్చు. సరైన మందం గల పొడవైన తీగను మీ మెకానిక్ చేతనే మార్పించుకునే వీలు కల్పిస్తే ఇళ్లకు సరిపోతుంది.

ఇంతకంటే పెద్ద కోరిక ఒకటి ఉంది. విద్యుత్ కార్లను ఇంటి సాకెట్టు నుంచి చార్జి చేసే కేబుళ్లలో కొన్నింటికి ప్లగ్గులోపలే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ ఉంటుంది. పిన్ను వేడెక్కితే కేబులు తనంతట తానే కరెంటు తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. సాకెట్టు యజమానిది, కేబులు మాది అని ఆ తయారీదారులు వాదించలేదు. సాకెట్టు ఎలా ఉన్నా తమ వస్తువు దానిని కాల్చకూడదనుకున్నారు. నీటి ఉష్ణోగ్రతనూ, నీటి మట్టాన్నీ, నురగనూ, బట్టల బరువునూ కొలవగల మీ మెషీన్ తన ప్లగ్గు వేడిని ఎందుకు కొలవకూడదు? మీ ఇంజనీర్లకు ఈ ప్రశ్న అమాయకంగా తోచవచ్చు. ప్రయోగశాలలో ప్రమాణాల ప్రకారం మెషీన్‌ను పరీక్షించేటప్పుడు అక్కడి సాకెట్టు ఎప్పుడూ బాగానే ఉంటుంది గనుక, ఈ అవసరం వారి కంటబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తప్పంతా గోడదే అనుకోకుండా మెషీన్ లోపలికి కూడా చూద్దాం. 2019 డిసెంబరులో వర్ల్‌పూల్ సంస్థ బ్రిటన్‌లో హాట్‌పాయింట్, ఇండెసిట్ పేర్లతో అమ్మిన సుమారు 5 లక్షల వాషింగ్ మెషీన్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. హీటరు పనిచేస్తున్నప్పుడు డోర్ లాక్‌లోని ఒక భాగం మితిమీరి వేడెక్కి మంట పుట్టించే అవకాశం ఉందని బయటపడింది. తలుపు తెరుచుకోకుండా, పిల్లలు చెయ్యి పెట్టకుండా కాపాడడానికి పెట్టిన భాగమే ప్రమాదానికి మూలమైంది. మార్పిడి జరిగేదాకా ప్లగ్గు తీసి ఉంచమని, తప్పనిసరై వాడితే 20 డిగ్రీలకు మించని చల్లని ఉతుకే వాడమని అప్పుడు సలహా ఇచ్చారు. ఎంత చల్లగా ఉతికితే అంత క్షేమం అని ఒక తయారీదారే చెప్పవలసి వచ్చిన ఘట్టం అది.

మెషీన్ ఆపితే ప్రమాదం ఆగిపోతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. చాలా మెషీన్లలో ముందున్న బటను నొక్కితే దీపాలు ఆరతాయి గాని, కరెంటు లోపలికి వస్తూనే ఉంటుంది. తీగ లోపలికి ప్రవేశించే చోట విద్యుత్ రొదను, అంటే సరఫరాలోని అలజడిని, వడగట్టే కెపాసిటర్ అనే చిన్న భాగం ఒకటి ఉంటుంది. గోడ స్విచ్ వేసి ఉన్నంతకాలం, ఉతుకు లేని గంటల్లో కూడా అది సరఫరాకు అంటుకునే ఉంటుంది. దానికి వయసు మీరినప్పుడు, తేమ తగిలినప్పుడు, అది చెడిపోయి కాలిన సందర్భాలు ఉన్నాయి. పని అయిపోగానే గోడ స్విచ్ ఆపండి అన్న వాక్యాన్ని మెషీన్ ముందుభాగంలో, బటన్ల పక్కన అచ్చువేయడానికి మీకున్న అభ్యంతరం, బహుశా, మెషీన్ చూడడానికి అందంగా ఉండదన్నదే కావచ్చు.

ఇక రాత్రి ఉతుకు సంగతి. అగ్నిమాపక శాఖలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఒకటే: ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అందరూ నిద్రపోయాక, ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు నడపవద్దు. మీ ప్రకటనలు చెప్పేది వేరు: పడుకునేముందు సమయం పెట్టుకోండి, తెల్లారేసరికి బట్టలు సిద్ధం, ఆఫీసులో కూర్చుని ఫోనులో నొక్కండి, ఇంటికి వచ్చేసరికి ఉతుకు పూర్తి. ఒకే డబ్బాలో ఆలస్యంగా మొదలుపెట్టే బటను ఉంటుంది, దగ్గరుండి చూసుకోమనే హెచ్చరికా ఉంటుంది. మరి మీరు పాటించవలసిన అంతర్జాతీయ ప్రమాణం ఏమంటుంది? ఐ.ఇ.సి. 60335 వాషింగ్ మెషీన్‌ను మనిషి దగ్గర లేకుండా నడిచే పరికరంగానే లెక్కిస్తుంది. అందుకే 0.2 ఆంపియర్లకు మించిన కరెంటు మోసే కనెక్షన్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ భాగాలను 850 డిగ్రీలకు ఎర్రగా కాల్చిన తీగతో పరీక్షించమంటుంది. అంటే దగ్గర ఎవరూ ఉండరని ప్రమాణానికి తెలుసు, మీ అమ్మకాల విభాగానికి తెలుసు. ఒక్క వాడుక పుస్తకం మాత్రం ఎవరో ఒకరు ఉంటారని నమ్ముతుంది, ఎందుకంటే ప్రమాదం జరిగితే రేపు చూపించవలసింది ఆ పుస్తకాన్నే.

దగ్గరుండి వాడండి అనే సలహాకు ఎంత విలువుందో 2016 ఆగస్టులో పశ్చిమ లండన్‌లోని షెపర్డ్స్ కోర్ట్ అనే 18 అంతస్తుల భవనంలో తేలింది. అక్కడి ఫ్లాట్‌లో మంటకు కారణమైన ఆరబెట్టే యంత్రంలో లోపం ఉందని తయారీదారుకు అంతకుముందే తెలుసు. అయినా మరమ్మతు జరిగేదాకా, వదిలి వెళ్లకుండా దగ్గరుంటే వాడుకోవచ్చన్నదే అప్పటికి ఆ సంస్థ సలహా. ఆ ఇంటివారు దానిని పాటించారు, మంటలు అయినా వచ్చి పై అంతస్తులకు పాకాయి. వాడకం పూర్తిగా ఆపి ప్లగ్గు తీసేయమని ఆ సంస్థ చెప్పింది ఆ తరువాతి ఏడాది, అధికారుల ఒత్తిడి మీద. లండన్ అగ్నిమాపక దళం ఆ సంఘటన తరువాతే లోపమున్న వస్తువులను తయారీదారు వెనక్కి పిలిచే వాపసు (రీకాల్) వ్యవస్థను మార్చాలని ప్రచారం చేపట్టింది. లోపం ఉందని తెలిశాక 'జాగ్రత్తగా వాడండి' అనడం సలహా కాదు. ఆ మాటతో లోపం మీ గిడ్డంగి నుంచి మా ఇంటికి బదిలీ అవుతుంది, అంతే.

అతిశయోక్తి చెప్పడం నా ఉద్దేశం కాదు. అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 2010 నుంచి 2014 దాకా వేసిన లెక్కల్లో బట్టలు ఉతికే, ఆరబెట్టే యంత్రాలతో ముడిపడిన ఇంటి మంటలు ఏటా సగటున సుమారు 16 వేలు ఉంటే, పదింట తొమ్మిదికి పైగా ఆరబెట్టే యంత్రాలవే. వాటిలో పేరుకునే నూగును తీయకపోవడమే అన్నిటికంటే పెద్ద కారణం. ఉతికే యంత్రం వాటా చిన్నది. అయితే ఇప్పుడు మీరు రెండూ ఒకే డ్రమ్ములో చేసే మెషీన్లు అమ్ముతున్నారు గనుక, ఆ ప్రమాదాన్ని కూడా అదే మూలకు తెచ్చి పెట్టారు. ఇక్కడ ఒక్క విషయం మీద మీ పుస్తకాలు మరింత వివరంగా ఉండాలి. నూనె, మైనం పట్టిన గుడ్డలు ఉతికినా నూనె పూర్తిగా పోదు. మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడిని పుట్టిస్తుంది, వేడిగా ఆరబెట్టిన బట్టలు గుట్టగా ఉంటే ఆ వేడి బయటికి పోక, నిప్పురవ్వ ఏదీ లేకుండానే గంటల తరువాత అవి అంటుకోగలవు. చివరలో చల్లని గాలితో డ్రమ్ము తిప్పే దశ ఉన్నది ఇందుకే. మధ్యలో కరెంటు పోతే ఆ దశ జరగదు. కరెంటు తిరిగి రాగానే, బట్టలు వేడిగా ఉన్నాయి, తీసి పరచండి అని మీ మెషీన్ తెర మీద కనబడాలి. ఉతుకు పూర్తికాగానే పాట పాడడం నేర్చిన యంత్రానికి ఇది పెద్ద పని కాదు. పెట్రోలు, టర్పెంటైన్, థిన్నరు అంటిన గుడ్డలను అసలు డ్రమ్ములోనే వేయకూడదన్న మాట ఏ 37వ పేజీలోనో కాక, తలుపు లోపలి అంచు మీద ఉండాలి.

మీ బాధ్యత ఆగిపోయే మరో చోటు రెండో యజమాని ఇల్లు. మెషీన్ ఒక చేతి నుంచి మరో చేతికి పోతుంది, అద్దె ఇంట్లో ఇల్లుగలవారు వదిలేసి వెళతారు, చుట్టాలకు ఇచ్చేస్తారు. వాపసు ప్రకటన వచ్చిననాడు మీ దగ్గరున్న ఫోను నెంబరు మొదటి యజమానిది. రెండోవారికి తమ మెషీన్ ఆ జాబితాలో ఉందో లేదో తెలియాలంటే మోడల్ నెంబరు, సీరియల్ నెంబరు కావాలి. కొన్ని మెషీన్లలో అవి వెనుక పలక మీద, గోడవైపు, సబ్బునీటికి చెరిగిపోయే కాగితం మీద ఉంటాయి. 70 కిలోల మెషీన్‌ను జరిపి ఆ అంకెలు చదివేవారు ఎందరుంటారు? వాటిని తలుపు అంచు మీద చెరగని విధంగా చెక్కండి. మీ మెకానిక్ ఏ పనిమీద ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ అంకెలను వాపసు జాబితాతో సరిచూడాలన్న నియమం పెట్టండి. అలాగే, మితిమీరి వేడెక్కితే కరెంటు తెంచే హీటరు దగ్గరి థర్మల్ ఫ్యూజు పోతే తీగ ముక్కతో కలిపేసి, డోర్ లాక్ పాడైతే దానిని దాటవేసి మెషీన్ నడిపించే మరమ్మతులు జరుగుతున్నాయి. ఆ పని చేసినవాణ్ణి తిట్టేముందు, అసలు విడిభాగం ఎన్ని వారాలకు దొరుకుతోందో మీ గిడ్డంగులను ఒకసారి అడగండి.

మంట వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా మెషీన్ మీదనే ఉండాలి: తలుపు తెరవవద్దు, తెరిస్తే లోపలికి గాలి వెళ్లి మంట పెరుగుతుంది, వీలైతే మెయిన్ ఆపండి, కరెంటు ఉండగా నీళ్లు పోయవద్దు, గది తలుపు మూసి అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేయండి. ఈ నాలుగు మాటలు వాడేవారి భాషలో రాయడానికి అరచేతి వెడల్పు స్టిక్కరు చాలు. విద్యుత్ పొదుపును గొప్పగా చాటే స్టిక్కరుకు అంతకు రెట్టింపు జాగా దొరుకుతోంది.

మా ఇంటికి వచ్చిన మెకానిక్ పాత ప్లగ్గు కత్తిరించి కొత్తది వేసి, కాలినదాన్ని పారేయమని నా చేతిలో పెట్టాడు. అతని ఫారంలో 'లోపం లేదు' అని నమోదైంది. అంటే మీ సంస్థల్లో ఒకదాని రికార్డులో ఆ సాయంత్రం అసలు జరగలేదు. ఇలాంటి ఫారాలు ఇంకెన్ని ఉన్నాయో తెలిపే లెక్క మీ దగ్గర ఉండే అవకాశం లేదు, ఎందుకంటే అందుకు గడి లేదు. నేను ఆ ప్లగ్గు పారేయలేదు, కవరులో వేసి, తేదీ రాసి దాచాను. ఇలాంటివాటిని ఎవరికి పంపాలో వాడుక పుస్తకంలో వెతికాను, కనబడలేదు. మీలో ఎవరైనా ఒక చిరునామా ప్రకటిస్తే నాది పంపుతాను.

ఇట్లు,
మీ మెషీన్ వాడుతున్న ఒక వినియోగదారుడు